మడత సైకిలు – దూర ప్రయాణము

తెలుగువారికి మడత క్రొత్త కాదు. మడత మంచము, మడత కుర్చీ మన యిండ్లలో ఎన్నాళ్ళ నుండియో ఉన్నవి. తాపేశ్వరపు మడత కాజా సంగతి చెప్పనే అక్కరలేదు. ఈ మడతలకు ఒక సామాన్య ధర్మమున్నది. మడిచినప్పుడు వస్తువు చోటును ఆదా చేయును. విప్పినప్పుడు మాత్రము మడత లేని వస్తువంత గట్టిగా నిలువదు. మడత కుర్చీలో గంటసేపు హాయిగా కూర్చుండవచ్చును. దినమంతయు కూర్చుండిన యెడల నడుము మొరపెట్టుకొనును. (కాజా ఒక్కటే యీ నియమమునకు లోబడదు.) కనుక మడత సైకిలు పేరు వినగానే ఎవరికైనను కలుగు సందేహము న్యాయమైనదే. ఇంటి నుండి రైలు స్టేషనుకు పది నిమిషములు త్రొక్కుటకు పుట్టిన వాహనము మీద వందల కిలోమీటర్ల యాత్ర సాగునా?

సాగును. సాగించినవారు లోకములో చాలమంది ఉన్నారు. అయితే ప్రతి మడత సైకిలును అందుకు పనికిరాదు. సెలవులలో దేశము చూడవలెనని జీతములో కొంత కూడబెట్టుకొన్న ఉపాధ్యాయుడో, స్కాలర్‌షిప్పు సొమ్ము దాచుకొన్న విద్యార్థియో ఒకసారి కొన్న సైకిలును నచ్చలేదని మరల మార్చుకొనలేడు. బజారులో పదిహేను ఇరవై వేల రూపాయలకు దొరకునవి కలవు. లక్ష దాటినవియు కలవు. ధర హెచ్చైనంత మాత్రమున యాత్రకు అనువైనదని అర్థము కాదు, తక్కువైనంత మాత్రమున కాదనియు కాదు. ఏ గుణమునకు ఎంత విలువ యివ్వవలెనో తెలిసికొనుటే ఇక్కడ అసలు పని.

మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న: మడత ఎందుకు? ఇంటి గుమ్మములో ఎక్కి, ఊరూరు తిరిగి, మరల ఇంటి గుమ్మములోనే దిగువానికి మడతతో పనిలేదు. 1923లో బొంబాయి నుండి భూప్రదక్షిణమునకు బయలుదేరిన పార్సీ యువకులలో ముగ్గురు 1928లో తిరిగి వచ్చి చేరినారు. వారు త్రొక్కినవి మడత లేని మామూలు సైకిళ్ళు. అట్టి యాత్రకు నేటికిని పెద్ద చక్రముల సైకిలే మేలు. మడత సైకిలు విలువ తెలియునది రైలు, బస్సు, విమానము ప్రయాణములో కలిసినప్పుడు. విజయవాడ నుండి ఒక అధ్యాపకుడు నాలుగు దినముల సెలవులో అరకులోయ చూడదలచినాడనుకొందము. విశాఖపట్నము వరకు త్రొక్కుకొనుచు పోయిన యెడల సెలవు దారిలోనే కరిగిపోవును. మామూలు సైకిలును రైలులో వేయుటకు లగేజీ వ్యానులో బుక్ చేయవలెను. అది తానెక్కిన బండిలోనే ఎక్కినదా అన్న బెంగ ఒకటి. రెండు నిమిషములు మాత్రమే ఆగు స్టేషనులో వ్యాను తలుపు తెరచి దించు దిక్కెవరన్న బెంగ మరియొకటి. మడిచి సంచిలో పెట్టిన సైకిలు బెంచీ క్రిందనే ఉండును. మనసు నెమ్మదిగా ఉండును.

అందువలన కొలతలు చూడవలసి యున్నది. రైలు పెట్టెలోనికి ప్రయాణికుడు వెంట తీసికొనిపోవు ట్రంకు, సూటుకేసులకు రైల్వేవారు విధించిన హద్దు 100 × 60 × 25 సెంటీమీటర్లు. లండనులో తయారగు బ్రాంప్టన్ సైకిలు మడిచినప్పుడు సుమారు 64.5 × 58.5 × 27 సెంటీమీటర్లు. మందములో రెండు సెంటీమీటర్లు హద్దు మీరినది. టికెట్టు కలెక్టరు స్కేలు తీసి కొలుచునా యన్నది వేరు సంగతి. 20 అంగుళముల చక్రములు గల మడత సైకిళ్ళు సాధారణముగా 80 సెంటీమీటర్ల పొడవు, 65 ఎత్తు, 35 మందము అటు ఇటుగా ఉండును. అవి బెంచీ క్రింద కంటె తలుపు ప్రక్కనో, పెట్టె కొసనో ఒదుగును. స్టేషనులో ముందుగా అడిగి తెలిసికొనుట ఉత్తమము. విమానములలో పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లు దాటరాదనియు, బరువు 23 కిలోలు మించరాదనియు చాల కంపెనీలు నియమము పెట్టినవి. దూరదేశములలో యాత్ర చేయువారికి ఈ 158 అన్న అంకె ఒక లక్ష్మణరేఖ వంటిది.

సైకిలును మడుచు ఆలోచన మొదట సైన్యములకు నచ్చినది. మొదటి ప్రపంచయుద్ధములో ఇటలీ దేశపు బెర్సలియేరి దళములు బియాంకీ సంస్థ చేసిన మడత సైకిళ్ళను వాడినవి. రెండవ యుద్ధములో బి.యస్.ఎ. సంస్థ బ్రిటిషు పారాచూటు దళముల కొరకు మడత సైకిలును నిర్మించినది. అవన్నియు పెద్ద చక్రములవే. చట్రమును మధ్యకు మడిచినను చక్రము చక్రమంతే ఉండును గదా! నిజముగా చిన్న మూట కావలెనన్న చక్రమే చిన్నది కావలెను. చక్రము చిన్నదైన యెడల నడక చెడునని అప్పటి వారందరి నమ్మకము.

ఆ నమ్మకమును కదలించినవాడు ఇంగ్లండులోని అలెక్స్ మౌల్టన్. 1956లో సూయజు సంక్షోభము వలన పెట్రోలుకు కొరత వచ్చినప్పుడు ఆయన దృష్టి సైకిలు మీదికి మళ్ళినది. ఆయన రబ్బరు విద్యలో ఆరితేరినవాడు; 1959లో వచ్చిన ‘మినీ’ కారుకు రబ్బరు స్ప్రింగులను రూపొందించినది ఆయనే. 1962లో ఆయన విడుదల చేసిన సైకిలుకు 16 అంగుళముల చక్రములు, గట్టిగా గాలి కొట్టిన సన్నని టైర్లు, రెండు చక్రములకును రబ్బరు స్ప్రింగులు. ఆ సంవత్సరమే ఒక పందెగాడు దానిమీద కార్డిఫ్ నుండి లండను వరకు త్రొక్కి అంతకు ముందున్న రికార్డును దాటినాడు. చిన్న చక్రము పిల్లల ఆటవస్తువు కాదని లోకమునకు రుజువైనది. మౌల్టన్ సైకిలు మడత సైకిలు కాదు. విడదీయు నమూనాలు మాత్రము తరువాత వచ్చినవి. కాని నేటి మడత సైకిళ్ళన్నియు ఆయనకు ఋణపడి యున్నవి.

అయితే చిన్న చక్రమునకు కష్టములు లేవా? ఉన్నవి. భౌతికశాస్త్రము ఎవరి మొగము చూచియు మినహాయింపు ఇయ్యదు. పెద్ద చక్రము గుంతపై నుండి దాటిపోవు చోట చిన్న చక్రము గుంతలోనికి దిగును. మన రోడ్లను ఎరిగినవారికి ఇంతకంటె వివరింపనక్కరలేదు. టైరు తీరు, గాలి ఒత్తిడి సమానముగా ఉన్నప్పుడు చిన్న చక్రమునకే దొర్లుటలో నిరోధము ఎక్కువ. ఒక కిలోమీటరు పోవుటకు మామూలు పెద్ద సైకిలు చక్రము సుమారు 450 సార్లు తిరిగిన, 20 అంగుళములది 640 సార్లు, బ్రాంప్టన్‌ది 760 సార్లు తిరుగును. కనుక టైరు త్వరగా అరుగును. నిలువు దిగుడులో రిమ్ము బ్రేకులు పట్టిన యెడల చిన్న రిమ్ము త్వరగా కాగును. హేండిలు చురుకు హెచ్చు. ఒక చేయి తీసి చెమట తుడుచుకొన్నంతలో బండి ప్రక్కకు లాగును. ఇది కొన్ని దినములలో అలవాటగును. మరి లాభములు? చిన్న చక్రము తేలిక, గట్టి. స్పోకులు పొట్టివి గనుక బరువు మోసినను చక్రము అంత సులభముగా వంకర పోదు. ఆగిన చోటనుండి త్వరగా కదలును. సామాను నేలకు దగ్గరగా ఉండుటచే బండి నిలకడగా నడచును.

ఈ చక్రముల కొలతలలో ఒక మాయ యున్నది. కొనువారు ఎక్కువగా మోసపోవునది ఇక్కడనే. టైరు మీద ‘16 అంగుళములు’ అని ఉండును. కాని 16 అంగుళములన్న పేరు గల రిమ్ములు ఒకటి కాదు. పిల్లల సైకిళ్ళ రిమ్ము అడ్డుకొలత 305 మిల్లీమీటర్లు. బ్రాంప్టన్ రిమ్ము 349. ఒకదాని టైరు మరియొకదానికి ఎక్కదు. అట్లే 20 అంగుళములలో 406 ఒకటి, 451 మరియొకటి. కనుక అంగుళముల మాట నమ్మక, టైరు ప్రక్కన చిన్న అక్షరములతో అచ్చు వేసిన మిల్లీమీటర్ల అంకెను చదువవలెను. ‘47-406’ అన్న, టైరు వెడల్పు 47, రిమ్ము కొలత 406 అని అర్థము. సాయంకాలము ఏ శృంగవరపుకోటలోనో టైరు చీలినదనుకొందము. సైకిలు షాపువాడు దానిని త్రిప్పి చూచి, “ఈ సైజు మా దగ్గరుండదు మాస్టారూ, విశాఖపట్నంలో కూడా దొరుకుతుందో లేదో” అనును. 349కి ఈ గతి పట్టును. 406 అయిన యెడల, అది పిల్లల సైకిళ్ళకును, బి.యమ్.ఎక్స్. సైకిళ్ళకును వాడు కొలత గనుక, నాసిరకమైనను ఏదో ఒకటి దొరకును, ఇల్లు చేరవచ్చును. దూరయాత్రకు 20 అంగుళముల 406 చక్రమును అనుభవజ్ఞులు కోరుకొనుటకు వేగముకంటెను ఇదియే పెద్ద కారణము. 451 చక్రము కొంత వేగమైనదే గాని, దాని టైరు కొరకు పట్టణములు గాలింపవలసి వచ్చును.

ఇక గేర్లు. దీనికి కొంచెము లెక్క కావలెను. ఎనిమిదవ తరగతి పిల్లవాడు చేయగల లెక్కయే. పెడలు ఒక చుట్టు తిరిగిన సైకిలు ఎంత దూరము పోవునో తెలిసికొనవలెనన్న, ముందు పళ్ళచక్రపు పళ్ళను వెనుక పళ్ళచక్రపు పళ్ళచే భాగించి, టైరు చుట్టుకొలతచే హెచ్చింపవలెను. ముందు 48, వెనుక 18 పళ్ళు ఉన్నవనుకొందము. మామూలు పెద్ద సైకిలు టైరు చుట్టుకొలత 2.23 మీటర్లు, అది ఒక చుట్టులో దాదాపు 6 మీటర్లు పోవును. అవే పళ్ళతో 20 అంగుళముల సైకిలు 4.2 మీటర్లు, బ్రాంప్టన్ 3.5 మీటర్లు మాత్రమే పోవును. చిన్న చక్రముల సైకిలు మీద కాళ్ళు గిరగిర తిరుగునని జనులు నవ్వుట గేర్లు సరిచేయని సైకిలును చూచియే. తయారుచేయువారు ముందు పళ్ళచక్రమును పెద్దదిగను, వెనుక దానిని చిన్నదిగను చేసి యీ లోపమును పూరింతురు. కనుక చదునైన నేలమీద చింత లేదు.

చింత కొండ దగ్గర వచ్చును. విశాఖ సముద్రతీరమున ఉన్నది. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. శృంగవరపుకోట దాటిన పిమ్మట అనంతగిరి ఘాటు మలుపులు మొదలగును. సామానుతో ఆ ఎక్కుడును కూర్చుండి త్రొక్కవలెనన్న, ఒక చుట్టుకు 2 మీటర్లు, అంతకంటె తక్కువ పోవు గేరు ఉండవలెను. ఆరు గేర్ల బ్రాంప్టన్‌లో మామూలుగా వచ్చు 50 పళ్ళ చక్రముతో అతి తక్కువ గేరు 2.64 మీటర్లు. 44 పళ్ళది వేయించుకొన్న 2.32కు దిగును. బలమైన కాళ్ళకు చాలును. తక్కినవారు దిగి నడువవలసినదే. (నడుచుటలో అవమానమేమియు లేదు. ఆ లోయ అందము నడుచువానికే ఎక్కువ కనిపించును.) 12 గేర్ల బ్రాంప్టన్ కూడ ఇటీవల వచ్చినది, ధర వినిన తరువాత చాలమంది నడకయే మేలనుకొందురు. 20 అంగుళముల సైకిలుకు ముందు 39, వెనుక పెద్దది 34 పళ్ళు అమర్చిన యెడల ఒక చుట్టుకు 1.8 మీటర్లే వచ్చును. అనంతగిరి వంగి దారి యిచ్చును. బజారులోని చౌక మడత సైకిళ్ళలో చాలవానికి ఒకే గేరు. అవి పట్టణములోని చదును వీధుల కొరకు పుట్టినవి. కొండ దగ్గర వానిని నిందించుట న్యాయము కాదు.

మడత ఎట్లు పడునన్నది సైకిలు స్వభావమునే నిర్ణయించును. బ్రాంప్టన్‌ను సృష్టించిన ఆండ్రూ రిచీ కేంబ్రిడ్జిలో ఇంజనీరింగు చదివినవాడు. 1970ల నడుమ, హారీ బికర్టన్ అన్నాయన చేసిన అల్యూమినియము మడత సైకిలును చూచి, ఇంతకంటె బాగుగా చేయవచ్చునని తన యింటిలోనే పని మొదలుపెట్టినాడు. కిటికీ నుండి ఎదుటనున్న బ్రాంప్టన్ ఆరటరీ అను చర్చి కనిపించెడిది. సైకిలుకు ఆ పేరే పెట్టినాడు. వెనుక చక్రము క్రిందికి జారి చట్రము క్రింద చేరును. ముందు భాగము ప్రక్కకు మడిగి దాని ప్రక్కన ఒదుగును. చెయిను నూనె మడతల నడుమ దాగి బట్టలకు అంటదు. ఇంత చిన్న మూట చాల సైకిళ్ళకు రాదని చెప్పుట అతిశయోక్తి కాదు. అందులో మరియొక నేర్పు కలదు. ముందరి సంచి హేండిలుకు గాక చట్రమునకే తగులుకొనును. సంచిలో బరువున్నను హేండిలు త్రిప్పుటకు భారముగా ఉండదు. అయితే ఆ సంచికి 10 కిలోలు, మనిషి, సామాను అన్నియు కలిపి 110 కిలోలు మాత్రమే మోయవచ్చునని తయారుచేయువారి నియమము. బొద్దుగా ఉన్న పండితులు సామాను కట్టుటకు ముందే ఈ కూడిక చేసికొనవలెను.

అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రమందలి యూజీన్ నగరములో షోల్జ్ సోదరులు 1992లో స్థాపించిన బైక్ ఫ్రైడే వారి దృష్టి వేరు. రాబిన్సన్ క్రూసో కథలోని ఫ్రైడే అను నమ్మకమైన సేవకుని పేరే ఈ సైకిలు పేరునకు మూలము. వీరు మొదట మనిషి కొలతలు తీసికొందురు. దర్జీ చొక్కా కుట్టినట్లు చట్రమును ఆ కొలతలకు కట్టుదురు. మడత కంటె నడకకు పెద్దపీట. మడతలు విప్పి, భాగములు ఊడదీసి సూటుకేసులో సర్దుటకు కొంత సమయము పట్టును. అయితే విమానము దిగిన తరువాత ఆ సూటుకేసుకే చక్రములు తగిలించి, సైకిలు వెనుక తోపుడుబండివలె కట్టి లాగుకొనిపోవచ్చును. పెట్టెను ఎక్కడ దాచుట అన్న సమస్యయే లేదు. ఇది దూరయాత్ర చేయువాని బుర్రలో తప్ప పుట్టని ఆలోచన. జర్మనీవారి ‘బర్డీ’ మరియొక దారి త్రొక్కినది. స్ప్రింగులు కదలు కీళ్ళ దగ్గరనే చక్రములు మడుగును, నడిమి చట్రమున బందు ఉండదు. డేవిడ్ హాన్ 1982లో కాలిఫోర్నియాలో ప్రారంభించిన ‘డాహన్’, ఆయన కుటుంబమువారే 2011లో విడిగా మొదలుపెట్టిన ‘టర్న్’ మధ్యరకపు ధరలలో 20 అంగుళముల సైకిళ్ళను లోకమంతట అందుబాటులోనికి తెచ్చినవి. సామాన్య యాత్రికునికి ఇవే ఎక్కువగా చిక్కును. చిన్న మడతకే ప్రాణము పెట్టిన బ్రాంప్టన్‌వారు కూడ 2024లో 20 అంగుళముల చక్రములతో ఒక నమూనాను తెచ్చినారన్న, గాలి ఎటు వీచుచున్నదో ఊహింపవచ్చును.

ఏ సైకిలుకైనను ప్రాణము బందులలో ఉన్నది. చట్రము నడిమి బందు, హేండిలు కడ్డీ అడుగు బందు – ఈ రెంటిలో ఏది వదులైనను మనిషి ముందుకు పడును. దుకాణములో హేండిలును రెండు చేతులతో పట్టి, ముందరి బ్రేకు నొక్కి, ముందుకు వెనుకకు ఊపి చూడవలెను. టకటకమన్న చప్పుడు వినబడిన యెడల, అమ్మువాడు ఎంత తియ్యగా మాటలాడినను లేచి రావలెను. యాత్రలో ప్రతి ఉదయము ఇదే పరీక్ష చేసికొనవలెను. చౌక సైకిళ్ళలో రంగు, మెరుగు ఖరీదైనవానివలెనే ఉండును; పొదుపు చేసినది బందులలోనని కొన్ని వందల కిలోమీటర్ల తరువాత తెలియును. చట్రము ఇనుపదా, అల్యూమినియముదా అన్న చర్చ ఎన్నటికిని తేలదు. పల్లెటూరి వెల్డింగు షాపులో ఇనుమును అతుకవచ్చును, అల్యూమినియమును అతుకు చేయి తిరిగినవాడు అరుదు. తెలుగుదేశపు పల్లెలలో తిరుగదలచినవానికి ఈ ఒక్క మాట చాలును.

సామాను వెనుక కారియరు మీద పొడవాటి సంచులుగా వ్రేలాడదీసిన నేలకు రాచుకొనును. మడమలు సంచికి తగులును. మడత సైకిలుకు పొట్టి సంచులు, లేదా అడ్డముగా కట్టు ఒక్క సంచి మేలు. రైలు మారునప్పుడు సైకిలు ఒక చేతిలో, సామాను రెండవ చేతిలో పట్టవలెను. మూడవ చేయి మనిషికి లేదు గనుక సామాను ఎన్ని ముక్కలుగా ఉన్నదో చూచుకొనవలెను. సైకిలు బరువు 11 కిలోలా, 15 కిలోలా అన్న భేదము రోడ్డు మీద అంతగా తెలియదు. విశాఖ స్టేషనులో ఒక ప్లాట్‌ఫారము నుండి మరియొక దానికి వంతెన మెట్లు ఎక్కునప్పుడు ప్రతి కిలో పేరుపెట్టి పలుకరించును.

సరైన సైకిలు దొరకువరకు యాత్ర మొదలుపెట్టనని కూర్చుండువారికి ఒక వ్యక్తి కథ తెలియదగినది. హైన్స్ ష్ట్యూకె అను జర్మను దేశస్థుడు 1962లో హోవెల్‌హోఫ్ అను తన ఊరినుండి మూడే గేర్లున్న బరువైన సైకిలు మీద బయలుదేరినాడు. అర్ధశతాబ్దము లోకము చుట్టి, 6 లక్షల కిలోమీటర్లకు పైగా త్రొక్కి, 2014లో ఊరు చేరినాడు. వయసు మీరిన చివరి సంవత్సరములలో ఆయన ఎక్కినది మడత సైకిలు. ఓడలు, రైళ్ళు, విమానములు మారుచు తిరుగువానికి బరువైన సైకిలును మోయుట ఎంతటి బాధయో ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలియును?

కనుక అరకు పోదలచిన ఆ విజయవాడ అధ్యాపకుడు ఏది కొనవలెను? దినదినము రైలెక్కి దిగువాడైన, మేడ మెట్ల మీద కాపురమున్నవాడైన, సొమ్మునకు లోటు లేనివాడైన, చిన్న మడతగల బ్రాంప్టన్ కొనవచ్చును. విడి టైరు ఒకటి, ట్యూబులు రెండు వెంట పెట్టుకొనుట మాత్రము మరువరాదు. ఏడాదికి రెండు మూడు యాత్రలు చేయుచు, తక్కిన దినములలో కాలేజీకి త్రొక్కుకొనువాడైన, 406 చక్రములు, ఇనుప చట్రము, ఎనిమిది తొమ్మిది గేర్లు, వెనుక 32 పళ్ళకు తగ్గని పెద్ద పళ్ళచక్రము గల సైకిలును వెదుకవలెను. టైరు 40 మిల్లీమీటర్లకు సన్నముగా ఉండరాదు. కొనుటకు ముందు దుకాణదారుని చేత గాక తన చేతులతోనే పదిసార్లు మడిచి విప్పి చూడవలెను. సీటు కడ్డీ తన పొడవునకు చాలునో లేదో ఎక్కి చూడవలెను, ఆరడుగుల వారికి చాల సైకిళ్ళ కడ్డీ పొట్టిది. తరువాత ఒక ఆదివారము సామానంతయు కట్టుకొని ప్రకాశము బ్యారేజీ దాటి మంగళగిరి వరకు త్రొక్కి రావలెను. బందు వదులైనను, మడమ సంచికి తగిలినను, సీటు కుట్టినను ఆ ముప్పది కిలోమీటర్లలోపలనే బయటపడును. అప్పటికింకను దుకాణదారుని రసీదు జేబులోనే ఉండును.